నాణేలను అద్దాల అల్మారాలో ప్రదర్శించాలా, పెట్టెలో దాచాలా?

హనుమకొండ సభ్యుడు: మా తాతగారు సేకరించిన నిజాం కాలపు చార్మినార్ రూపాయలు, రాగి పైసలు, కొన్ని శాతవాహన సీసపు నాణేలు నా దగ్గర ఉన్నాయి. ముందు గదిలో ప్లైవుడ్ అల్మారా చేయించి, వెల్వెట్ పరిచి, బల్బు అమర్చి వీటిని పెట్టాలని నా ఆలోచన. బీరువాలో మూలుగుతున్న నాణెం పిల్లలకు ఏ చరిత్రా చెప్పదు. మిత్రులు కొందరు వద్దంటున్నారు.

కరీంనగర్ సభ్యుడు: పిల్లలు చూడాలన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను కానీ ఆ అల్మారాను ఒప్పుకోలేను. ప్లైవుడ్ నుంచి, దానిని అతికించిన జిగురు నుంచి వెలువడే ఆమ్లపు ఆవిర్లు మూసిన అరలో పేరుకుంటాయి. వాటికి అన్నిటికంటే ముందు బలయ్యేది సీసం. నాణెంపై తెల్లని పొడి కనిపించేసరికి పైపొర తినబడి ఉంటుంది, దానితోపాటు ప్రాచీన బ్రాహ్మీ లిపి అక్షరాలూ పోతాయి. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన నాణేలపై పేర్లు చదవగలిగినందువల్లనే శాతవాహనుల తొలి రోజుల గురించి ఇంత తెలిసింది కనుక, అక్షరం పోయిన నాణెంలో మిగిలేది లోహం మాత్రమే. బల్బు మరో చేటు: పగలు వేడెక్కి రాత్రి చల్లబడే అరలో తేమ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

వరంగల్ సభ్యురాలు: మ్యూజియాలలోనూ నాణేలు అద్దాల వెనుకే ఉంటాయి కదా. పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఆల్బమ్‌లో పెట్టిన వెండి రూపాయికి ఆకుపచ్చ జిడ్డు పట్టడం నేను చూశాను. దాచినంత మాత్రాన నాణెం క్షేమమనడం సరికాదు.

కరీంనగర్ సభ్యుడు: మీరన్నది నిజం, పీవీసీ కవర్లను నేనూ వ్యతిరేకిస్తాను. చార్మినార్ రూపాయి తొలి ముద్రణలలో వెండి 81.8 శాతమే, మిగిలినదానిలో రాగి ఉన్నందున ఆ ప్లాస్టిక్ విడుదల చేసే ఆమ్లానికి చిలుము త్వరగా పడుతుంది. పాలిస్టర్ కవర్లు లేదా గట్టి అక్రిలిక్ క్యాప్సూల్స్ వాడాలి; రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ వెండి దగ్గరకు రాకూడదు, వాటిలోని గంధకం దానిని నల్లబరుస్తుంది. అయితే మ్యూజియం వారు పెట్టె ఏ పదార్థంతో చేయాలో ఎంచుకుని, లోపలి తేమను గమనిస్తూ ఉంటారు. మన ఇళ్లలో వానాకాలమంతా ఆ శ్రద్ధ ఎవరు చూపిస్తారు?

హనుమకొండ సభ్యుడు: అలాగైతే సీసాన్ని ఎప్పటికీ చూపకూడదా?

కరీంనగర్ సభ్యుడు: చూపండి, కానీ పాలిప్రొపిలీన్ డబ్బాలో భద్రపరచి, పిల్లలు అడిగినప్పుడు తీసి అంచులు మాత్రమే పట్టుకుని చూపండి. నాణేనికి రెండు వైపులా తీసిన పెద్ద ఫొటోలు గోడకు పెడితే అక్షరాలు కంటితో చూసినదానికన్నా బాగా కనబడతాయి. వెండి, రాగి నాణేలను మాత్రం ఉక్కు, అద్దంతో చేసిన చిన్న పెట్టెలో, ఎండ పడనిచోట, తేమను పీల్చే సిలికా జెల్ సంచితో ఉంచి, ఆ సంచిని అప్పుడప్పుడు మార్చండి. పండుగకని వాటిని చింతపండుతో తోమవద్దు. పోయిన పాత పొర తిరిగి రాదు.

వరంగల్ సభ్యురాలు: చిన్న ఉక్కు పెట్టెకు నాకు అభ్యంతరం లేదు. ఫొటోలు మాత్రం అసలు నాణేనికి ప్రత్యామ్నాయం కావని ఇంకా అంటాను.