హిస్టరోస్కోపీ: ఓపీలోనే చేయాలా, మత్తిచ్చి డే కేర్‌లోనా?

గైనిక్_ఓపీ:
గర్భాశయంలోకి కెమెరా పెట్టి చూసే ఈ పరీక్ష ముందు ఓపీలోనే చేయాలంటాను. స్కోపు (కెమెరా గొట్టం) మందం 3.5 మి.మీ. లోపుంటే చాలామందికి గర్భాశయ ముఖద్వారాన్ని వెడల్పు చేయక్కర్లేదు. యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ పెట్టకుండా, ముఖద్వారాన్ని టెనాక్యులమ్ అనే పట్టకారుతో పట్టి లాగకుండా, సెలైన్ ధారతోనే దారి చేసుకుంటూ వెళ్తే నొప్పి బాగా తగ్గుతుంది. చూడటం వరకే అయితే 5–10 నిమిషాల పని. డే కేర్ (మత్తిచ్చి చేసి అదే రోజు ఇంటికి పంపడం) అంటే ముందు 6 గంటలు తిండి, 2 గంటలు నీళ్లు మానాలి. తోడు మనిషి ఉండాలి. 24 గంటలు బండి నడపకూడదు.

రికవరీ_సిస్టర్:
మేడమ్, అది స్కోపు సంగతి. మనిషి సంగతో? ముట్లుడిగి ముఖద్వారం బిగుసుకున్నవాళ్లు, సహజ కాన్పు కానివాళ్లు, నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరిగేవాళ్లు, ముఖద్వారానికి ఇదివరకు ఆపరేషన్ అయినవాళ్లు ఉంటారు. వీళ్లందరికీ ‘నెలసరి నొప్పిలాంటిదే’ అని చెప్పేస్తే ఎలా? ఒకామె నొప్పి 10కి 1 అని, ఇంకొకామె 9 అని చెబితే సగటు 5 వస్తుంది. ఆ రెండో ఆమెకు మీ సగటుతో పనేమిటి?

మత్తు_విభాగం:
లోకల్ (ఆ చోటు వరకే మొద్దుబార్చే సూది) ఇస్తే సరిపోతుందనే వాళ్లకు ఒక మాట. ముఖద్వారం నరాలు వెన్నుపాము అడుగు భాగం (ఎస్2–ఎస్4) నుంచి వస్తాయి, గర్భాశయం పైభాగానివి ఇంకా పై నుంచి (టీ10–ఎల్1). ముఖద్వారం పక్కన వేసే సూది కింది భాగాన్ని మొద్దుబారుస్తుంది గానీ, సెలైన్‌తో గర్భాశయం ఉబ్బినప్పుడు పుట్టే నొప్పిని పూర్తిగా ఆపదు. అందుకే సెలైన్ ఒత్తిడి లోపల కనిపించేంత వరకే పెట్టాలి. నొప్పి మాత్ర ఇబుప్రోఫెన్ 400 మి.గ్రా. పడేవాళ్లకు (అల్సర్, కిడ్నీ సమస్య ఉంటే వద్దు) గంట ముందే ఇవ్వాలి. టేబుల్ ఎక్కాక ఇస్తే, అది పనిచేసేలోపు పరీక్షే అయిపోతుంది. ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, నాడి నెమ్మదిస్తే స్కోపు తీసేసి, తల దించి, కాళ్లు ఎత్తి పెట్టాలి. తేరుకోకపోతే నాడి వేగం పెంచే అట్రోపిన్ ఇవ్వాలి. అప్పుడే లేపి కూర్చోబెడితే మళ్లీ పడిపోతారు.

గైనిక్_ఓపీ:
సిస్టర్, మీరు చెప్పిన నాలుగు రకాల వాళ్లకూ రెండు దారులూ ముందే చెప్పాలి, ఒప్పుకుంటాను. పెద్ద పాలిప్ (లోపలి పొర నుంచి పెరిగే కండ), ఫైబ్రాయిడ్ (గర్భాశయ కండరపు గడ్డ) అయితే నేనూ డే కేర్‌కే రాస్తాను. కానీ మత్తులో ఉన్న మనిషి నొప్పి అని చెప్పే స్థితిలో ఉండదు, గోడకు రంధ్రం పడబోతున్నా తెలియదు. మెలకువగా ఉంటే ఆపమంటుంది, ఆపేస్తాం.

రికవరీ_సిస్టర్:
ఆపమనే దాకా ఎందుకు ఆగాలి? స్కోపు పట్టుకున్నవాళ్ల కళ్లు స్క్రీన్ మీదే ఉంటాయి. ముఖం చూడటానికే ఒక మనిషి ఉండాలి. పిడికిలి బిగుస్తుంది, ఊపిరి ఆగుతుంది, కాలివేళ్లు ముడుచుకుంటాయి. నోరు తెరవకముందే కనబడేవి ఇవి. అప్పుడు ‘ఇంకొక్క నిమిషం అమ్మా’ అంటే అది ఆపడం కాదు, ఓర్చుకోమనడం.

ఇంకోటి. పరీక్ష మధ్యలో ఆపమన్నామెకు ఇంటికి వెళ్లేలోపే డే కేర్ తేదీ రాసివ్వాలి. మళ్లీ వరుసలో చివరికి పంపుతారని తెలిస్తే, ఎంత నొప్పి పుట్టినా ఆమె ఆపమనదు.