బ్యాక్టీరియా లోపలి పీహెచ్‌ను అంకెలో చెప్పవచ్చా?

చెరువుగట్టు, భీమవరం:
రొయ్యల మేతలో కలిపే ప్రొపియోనిక్ ఆమ్లం బ్యాక్టీరియాను ఎలా దెబ్బతీస్తుందో చూడడానికి, ఫ్లూరిన్ (pHluorin) అనే, కాంతి పడితే పచ్చగా మెరిసే ఫ్లోరోసెంట్ ప్రోటీన్‌ను తయారుచేసే ఈ.కోలై బ్యాక్టీరియా కణాలతో మా ల్యాబులో పని చేస్తున్నాము. 395, 475 నానోమీటర్ల కాంతిని విడివిడిగా ప్రసరింపజేసి, వచ్చే రెండు పచ్చని వెలుగుల నిష్పత్తి కడితే లోపలి పీహెచ్ తెలుస్తుంది. ఆమ్లం వేశాక అది 7.6 నుంచి 6.8కి దిగింది. నివేదికలో అంకెలు వద్దని, "తగ్గింది" అని మాత్రమే రాయాలని సహోద్యోగి ఒకరు పట్టుబడుతున్నారు. నిష్పత్తి తీసినప్పుడు ప్రోటీన్ ఎక్కువ తక్కువల ప్రభావం పోతుంది కదా, అభ్యంతరమేమిటి? మేము వాడిన ప్రామాణిక రేఖను, అంటే ఏ నిష్పత్తికి ఏ పీహెచ్ అని చూపే గీతను, పోయిన నెల, శుద్ధిచేసిన ప్రోటీన్‌తో గీశాము.

కోనసీమ, అమలాపురం:
అభ్యంతరం మీ చివరి వాక్యంలోనే ఉందండీ. నిష్పత్తి వల్ల ప్రోటీన్ పరిమాణంలోని తేడా పోతుంది గాని, యంత్రంలోని తేడా పోదు. మేము జినాన్ దీపం మార్చిన రోజున, అంతకుముందు 7.5 చూపిన రకం కణాలే అదే ద్రావణంలో 7.8 చూపాయి, కొత్త దీపం 395 దగ్గర ఎక్కువ వెలుగునిచ్చింది, అంతే. అందుకే ఆ రోజు కణాలనే కొన్ని తీసి, 5.5 నుంచి 8.5 దాకా పీహెచ్ ఉన్న వేర్వేరు బఫర్లలో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణాల్లో) పోసి, పొటాషియం బెంజోయేట్, మిథైలమీన్ కలిపి లోపలి పీహెచ్‌ను బయటిదానితో సమం చేసి, రేఖను అప్పటికప్పుడు గీయాలి. ప్రోటీన్ లేని కణాల సహజమైన వెలుగును కూడా తీసివేయాలి.

మరొకటి. 1998లో మీజెన్‌బోక్, రోత్‌మన్ బృందం ఈ ప్రోటీన్‌ను రూపొందించింది నాడీకణాల్లోని ఆమ్లపు సంచుల కోసం, 5.5, 7.5 మధ్య అది బాగా స్పందిస్తుంది. ఈ.కోలై లోపల మామూలుగా ఉండే పీహెచ్ ఆ పరిధికి పై అంచున ఉంది. అక్కడ రేఖ చదునుగా మారుతుంది కనుక, నిష్పత్తిలో చిన్న పొరపాటు పీహెచ్‌లో పెద్దదవుతుంది. మీ 6.8ని నమ్మినంతగా 7.6ను నేను నమ్మలేను.

చెరువుగట్టు, భీమవరం:
దీపం సంగతి ఒప్పుకుంటున్నాను, రేఖ మళ్లీ గీస్తాము. కాని "తగ్గింది" అన్న ఒక్క మాటతో సరిపెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేను. పీహెచ్ 0.3 తగ్గినా, 0.8 తగ్గినా తగ్గినట్టే. మొదటిదానికి హైడ్రోజన్ అయాన్లు రెట్టింపు, రెండోదానికి ఆరు రెట్లకు పైగా. ఆ మాట మేత అమ్మేవారికి ఉపయోగపడుతుంది గాని, కొనే రైతుకు ఏ ఆమ్లం మేలో చెప్పదు.

కోనసీమ, అమలాపురం:
ఆ మాట నిజమే, నా వాదనను సవరించుకుంటాను: అదే రోజు రేఖ ఉంటే అంకె రాయండి, పక్కనే దోష పరిధి కూడా రాయండి. అంకె రాసే ముందు, ఆమ్లం వేసిన గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవం పచ్చగా మెరుస్తోందేమో చూడండి. మెరిస్తే కణాలు పగిలినట్టే; బయటపడ్డ ప్రోటీన్ బయటి పీహెచ్‌నే చూపుతుంది, సగటు అబద్ధమాడుతుంది.

ఇంతకీ మీరు కణాలను ఏ పీహెచ్ ద్రావణంలో ఉంచారో చెప్పలేదు. చెరువు నీటి పీహెచ్ 8 అనుకుంటే, ప్రొపియోనిక్ ఆమ్లంలో పదివేల పాళ్లకు ఏడెనిమిది పాళ్లు మాత్రమే అయాన్లుగా విడిపోకుండా మిగులుతాయి, కణపు పొరను సులువుగా దాటేవి అవే. ఆ 6.8 ఏ ద్రావణంలో వచ్చిందో అంకె పక్కనే ఉండాలి.