వాకాయ కంచె: విత్తనం మొలవలేదు, తెచ్చిన మొక్కలు పసుపెక్కుతున్నాయి

మెట్టచేను, గార్లదిన్నె:
ఎకరా చీనీ తోట చుట్టూ వాకాయ కంచె వేయాలి. పోయినేడు ఎండబెట్టి దాచిన విత్తనం జూన్‌లో 200 సంచుల్లో పెడితే ఒక్కటీ మొలవలేదు. కొనితెచ్చిన 40 మొక్కల్లో ఎర్రనేలలోవి బాగున్నాయి, మూలన నల్లరేగడిలోవి పసుపెక్కాయి. మొత్తం ఎన్ని మొక్కలు పడతాయి? మేకల బెడద కూడా ఉంది.

నర్సరీ పని, కడప:
అన్నా, వాక విత్తనం దాచుకునేది కాదు. ఎండిందంటే మొలక చచ్చినట్టే. నల్లగా మాగిన పండ్లే ఏరండి. గుజ్జు పాలతో జిగటగా ఉంటుంది, ఇసుకేసి నీళ్ళలో రుద్దితే వదిలిపోతుంది. నీడలో ఒక పూట ఆరనిచ్చి మూడు నాలుగు రోజుల్లోపు పెట్టేయాలి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒకటి, చివికిన దిబ్బ ఎరువు ఒకటి. అర అంగుళం లోతు చాలు. రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. ఆగస్టులో పెట్టింది మరుసటి తొలకరికి నాటే అదనుకొస్తుంది. కొమ్మ గుచ్చితే వేరు పట్టడం అరుదు, ఆ దారి వద్దు.

ఎర్రనేల, పత్తికొండ:
పసుపు రెండు రకాలు, ముందు ఆకు చూడండి. లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది సున్నపు నేలలో ఇనుము అందకపోవడం. లీటరు నీళ్ళకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రం కొట్టండి, పది రోజులకు మళ్ళీ. ముదురాకు కూడా పసుపై వాలిపోతుంటే, వేలు దింపితే మన్ను బురదగా తగులుతుంటే, వేరుకు ఊపిరాడటం లేదు. మందు పనిచేయదు. అడుగెత్తు కట్ట పోసి దానిమీద నాటాలి. వాక ఎండకు చావదు, నిలిచిన నీళ్ళకే చస్తుంది.

చదరపు ఎకరాకు చుట్టుకొలత 835 అడుగులు. రెండున్నర అడుగులకొకటి పెడితే 334 మొక్కలు, చచ్చేవాటికి ఇంకో 40 ఉంచుకోండి. గుంత అడుగున్నర, దాంట్లో రెండు కిలోల దిబ్బ ఎరువు.

నర్సరీ పని, కడప:
కత్తిరింపు సంగతి మరవొద్దు, కంచె చెడేది అక్కడే. అడుగున్నర పెరిగినప్పుడు కొస తుంచి ఒక అడుగు ఎత్తుకు దించండి. ఆ తర్వాత అడుగు పెరిగినప్పుడల్లా అర అడుగు కోయాలి. మొదట్లో వదిలేస్తే పైకి పోయి అడుగున సందులు పడతాయి, మేక దూరేది ఆ సందుల్లోనే. కింది భాగం వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంచండి. కోసినచోట పాలు కారుతాయి, కంట్లో పడనీయకండి. మొదటి రెండేళ్ళు బయట కంప వేయక తప్పదు, లేత చిగురంటే మేకకు ప్రాణం.

మెట్టచేను, గార్లదిన్నె:
లేత ఆకే పసుపు, ఈనెలు పచ్చగానే ఉన్నాయి. అన్నభేది కొడతాను. గుట్టమీద కలివి వేస్తే?

ఎర్రనేల, పత్తికొండ:
దిట్టమే, వాకకు దగ్గర చుట్టం. కడప దగ్గర లంకమల అడవిలో 1986లో మళ్ళీ కనబడిన కలివి కోడి అనే అరుదైన పిట్ట తిరిగేది ఇలాంటి ముళ్ళపొదల నడుమే. కాకపోతే కాయ చిన్నది, ఊరగాయకు చాలదు. కాయ కావాలంటే వాకే వేయండి, కోత అయ్యాక సెప్టెంబరులో కత్తిరించండి. పూత కొత్త చిగుళ్ళ కొసన వస్తుంది, జనవరి దాటాక కోస్తే ఆ ఏటి కాయ పోయినట్టే.