పీపాల్లో నిలవ ఉంచిన బీరును ఎలా రుచి చూడాలి?

ప్రశ్న (నేపర్‌విల్, ఇలినాయ్ నుంచి)

మా ఇంటికి దగ్గరలో ఉన్న బీరు తయారుచేసే ఒక చిన్న బ్రూవరీలో వచ్చే శనివారం, పీపాల్లో నిలవ ఉంచిన బీర్లను రుచి చూపించే కార్యక్రమం ఉంది. ఐదు రకాలు, ఒక్కొక్కటి 120 మిల్లీలీటర్ల చొప్పున పోస్తారట. వాటిలో మూడు బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాల్లో ఉంచిన ఇంపీరియల్ స్టౌట్లు (ముదురు రంగులో, బలంగా ఉండే బీర్లు), ఒకటి బార్లీ వైన్ (పేరు వైన్ అయినా ఇదీ బలమైన బీరే), మరొకటి వైన్ పీపాలో ఉంచిన పుల్లని బీరు. ఇలాంటి స్టౌట్‌ను ఇంతకు ముందు తాగాను గానీ, విస్కీ ఘాటు తప్ప మరేమీ నాకు తెలియలేదు. పక్కన కూర్చున్నవారు కొబ్బరి, వెనిలా, ఎండుద్రాక్ష అని వరుసగా చెబుతుంటే, అవి నిజంగా గ్లాసులో ఉన్నాయో లేదో అర్థం కాలేదు. ఆ రుచులు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ వరుసలో తాగితే తేడా తెలుస్తుంది, పుల్లగా ఉన్న బీరు కావాలని చేసినదో చెడిపోయినదో ఎలా గుర్తుపట్టాలి? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

జవాబు (లూయివిల్, కెంటకీ నుంచి)

ఆ రుచులు గ్లాసులో నిజంగానే ఉంటాయండీ. చాలావరకు అవి చెక్క నుంచి వచ్చినవే. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్‌ను లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవ ఉంచాలి కాబట్టి, ఒకసారి వాడిన పీపా మళ్ళీ బోర్బన్‌కు పనికిరాదు. ఖాళీ అయిన పీపాలు మా కెంటకీ నుంచి స్కాట్లాండ్ విస్కీ తయారీదారులకు, రమ్ము తయారీదారులకు, బ్రూవరీలకు వెళతాయి. ఒక్కొక్క దానిలో 53 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు పడుతుంది.

పీపాను లోపల కాల్చినప్పుడు చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విచ్ఛిన్నమై, వెనిలా వాసన ఇచ్చే వెనిలిన్ పుడుతుంది. చెక్కలోనే ఉండే హెమీసెల్యులోజ్ అనే మరో పదార్థం చక్కెరలుగా మారి ముదురు పాకం వాసన ఇస్తుంది. కొబ్బరి వాసన ఓక్‌లో ఉండే లాక్టోన్లు అనే పదార్థాలది, అవి ఐరోపా ఓక్ కంటే అమెరికన్ తెల్ల ఓక్‌లో ఎక్కువ. పీపా ఖాళీ చేసిన తర్వాత కూడా పలకల్లో ఇంకిన బోర్బన్ కొంత అక్కడే ఉండిపోతుంది. వేడికి బీరు చెక్కలోకి చొరబడి, చలికి వెనక్కి వస్తూ నెలల తరబడి వీటన్నిటినీ తనలో కలుపుకుంటుంది. చెక్క గుండా కొద్దికొద్దిగా అందే ఆక్సిజన్ వల్ల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) రుచి ఎండుద్రాక్ష, ఖర్జూరం వైపు తిరుగుతుంది. మీకు దగ్గరలోని షికాగోలోనే గూస్ ఐలండ్ బ్రూవరీ వారు 1990ల్లో జిమ్ బీమ్ అనే బోర్బన్ పీపాల్లో స్టౌట్ నింపి బోర్బన్ కౌంటీ స్టౌట్‌ను తయారు చేశారు. ఆ తర్వాత అమెరికాలో ఎందరో బ్రూవర్లు ఆ దారి పట్టారు.

నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇది: పీపాలో పోయని అదే స్టౌట్ వారి దగ్గర ఉంటే చిన్న గ్లాసు అడిగి తీసుకోండి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి తాగితే, కాఫీ, చాక్లెట్, మాడు రుచులు వేయించిన మాల్ట్ నుంచి వచ్చినవని, రెండో గ్లాసులో కొత్తగా కనిపించినది మాత్రమే పీపా ఇచ్చినదని మీకే తెలిసిపోతుంది. రుచి చూడటంలో ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. విస్కీ ఘాటు ఒక్కటే తెలిసిందంటే తప్పు మీ నాలుకది కాకపోవచ్చు. మూలమైన బీరు పలచగా ఉంటే పీపా దాన్ని మింగేస్తుంది, అలాంటిదాన్ని నేను మంచి బీరు అనను. ఒకే రోజు నింపిన పీపాలు కూడా ఒకదానిలా ఒకటి ఉండవు కనుక, వాటిని విడివిడిగా రుచి చూసి ఏది ఎంత కలపాలో నిర్ణయించడంలోనే బ్రూవర్ నేర్పంతా ఉంటుంది. మీరు వెళ్ళినప్పుడు ఆ విషయం అడగండి, ఆనందంగా చెబుతారు.

స్టౌట్‌ను మరీ చల్లగా తాగవద్దు. 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు వాసనలు పైకి వస్తాయి. వరుస విషయానికొస్తే పుల్లనిదానితో మొదలుపెట్టి, ఆల్కహాల్ తక్కువ ఉన్నదాని నుంచి ఎక్కువ ఉన్నదానికి వెళ్ళండి.

జవాబు (గెంట్, బెల్జియం నుంచి)

పై జవాబులో వరుస గురించి చెప్పినదానితో నేను ఏకీభవించలేను. పులుపు నాలుక మీద ఉండగా స్టౌట్ తాగితే అది ఉన్నదానికంటే తియ్యగా తోస్తుంది. అందుకే నేను పుల్లనిదాన్ని చివరికి ఉంచుతాను.

ఇక పులుపు సంగతి. బ్రస్సెల్స్‌లోని ఆండర్‌లెక్ట్ ప్రాంతంలో 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీ ఇప్పటికీ ల్యాంబిక్ అనే పుల్లని బీరు తయారు చేస్తోంది. చలికాలపు నెలల్లో, కాచిన మాల్ట్ రసాన్ని లోతు తక్కువగా ఉండే వెడల్పాటి రాగి పాత్రలో రాత్రంతా చల్లారబెడతారు. గాలిలోని ఈస్టులు, బ్యాక్టీరియా వాటంతట అవే వచ్చి చేరతాయి. ఎవరూ ఈస్ట్ కలపకుండానే చెట్టు మీది కుండలో కల్లు పులిసినట్టే ఇదీ పులుస్తుంది, అయితే దీనికి గంటలు కాదు, పీపాల్లో ఏళ్ళు పడుతుంది. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు నిలవ ఉన్న ల్యాంబిక్‌లను కలిపి సీసాల్లో మళ్ళీ పులియబెడితే గ్యూజ్ అవుతుంది. బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ వల్ల అందులో ఎండుగడ్డి, గుర్రపుశాల వంటి వాసనలు వస్తాయి. వాటిని చూసి వెనక్కి తగ్గవద్దు.

మజ్జిగ పులుపు లాక్టిక్ ఆమ్లానిది, అది ఈ రకపు బీరుకు ప్రాణం. ముక్కుకు గుచ్చుకునే వెనిగర్ వాసన గానీ, గోళ్ళ రంగును తుడిచే ద్రవం వాసన గానీ బలంగా వస్తే మాత్రం పీపాలోకి గాలి ఎక్కువగా చేరిందని అనుమానించాలి. బోర్బన్ పీపా స్టౌట్‌లో అసలు పులుపే ఉండకూడదు. గూస్ ఐలండ్ వారి 2015 బోర్బన్ కౌంటీ బీర్లలో కొన్నింటికి లాక్టోబాసిలస్ అనే బ్యాక్టీరియా సోకి పుల్లబడితే, సంస్థ కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చి, మరుసటి ఏడాది నుంచి పాశ్చరైజేషన్ (వేడితో సూక్ష్మజీవులను చంపడం) మొదలుపెట్టింది. పేరున్న చోట కూడా చెక్క పీపాను పూర్తిగా అదుపులో పెట్టడం అంత కష్టం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్రూవరీకి ఫోన్ చేసి అడిగితే, పీపాలో పోయని స్టౌట్‌ను కూడా కొద్దిగా పోస్తామన్నారు. ఐదు చిన్న గ్లాసులే కదా, కారులో వెళ్ళి రావచ్చా?

జవాబు (బెంగళూరు నుంచి)

వద్దండీ. నాలుగు గ్లాసులు 13 శాతం, పుల్లనిది 7 శాతం అనుకుని లెక్క వేస్తే, మొత్తం 600 మిల్లీలీటర్లలో ఉండే ఆల్కహాల్ 355 మిల్లీలీటర్ల మామూలు 5 శాతం బీరు సీసాలు నాలుగింటిలో ఉన్నంత. తియ్యదనం వెనుక ఆ బలం తెలియదు. తాగనివారు ఎవరైనా కారు నడపాలి, లేదా టాక్సీలో వెళ్ళాలి. ముందు భోజనం చేసి వెళ్ళండి, అయితే కారం ఎక్కువగా తినవద్దు; నాలుక మండుతుంటే ఆ వెనిలా, కొబ్బరి ఛాయలు అందవు. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నీళ్ళు, ఉప్పు లేని బ్రెడ్ ముక్క చాలు. నచ్చనిదాన్ని పూర్తి చేయాలనే మొహమాటం అక్కరలేదు, మిగిలినది పారబోయడానికి పాత్ర ఇవ్వమని అడగండి.