విజయవాడ బందరు రోడ్డులో బస్సులకు, కార్‌పూల్ (కొందరు కలిసి వెళ్లే) కార్లకు విడి లేన్ ఇస్తే పనిచేస్తుందా?

పటమట_పౌరుడు:
ఇవ్వాల్సిందే. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం. ఎక్కేవాళ్లున్నారు, బస్సే కదలదు. బెంజి సర్కిల్ నుంచి బస్టాండు వైపు ఎడమ పక్కన మూడున్నర మీటర్లు వదలండి. ముగ్గురున్న కార్లనూ రానివ్వండి. జకార్తాలో కారులో కనీసం ముగ్గురుండాలన్న నిబంధనను 2016లో ఎత్తేశాక జాప్యం ఉదయం 46, సాయంత్రం 87 శాతం పెరిగింది.

లెక్కల_మనిషి:
జకార్తాది విడి లేన్ కాదండీ, రద్దీ వేళల్లో రోడ్డు మొత్తానికీ పెట్టిన నిబంధన. ఇక్కడ బైకు మీద ఇద్దరుంటే అదీ కార్‌పూలేనా? అవునంటే లేన్ నిండా బైకులే. కాదంటే నల్లటి అద్దాల వెనక తలలు ఎవరు లెక్కపెడతారు? కార్‌పూల్ మాట వదిలేద్దాం.

బస్సుల సంగతి చూడండి. సిగ్నల్ సగం సేపు పచ్చగా ఉంటే ఒక లేన్‌లో గంటకు సుమారు 900 కార్లు దాటతాయి. కారుకు ఒకటిన్నర మంది చొప్పున 1350 మంది. బస్సుకు 50 మంది అనుకుంటే అంతమందిని మోయడానికి గంటకు 27 బస్సులు చాలు. కానీ కారు పట్టే చోట రెండు బైకులు పడతాయి. 1800 బైకులు, బైకుకు 1.3 చొప్పున 2340 మంది. అప్పుడు 47 బస్సులు కావాలి, అంటే 77 సెకన్లకొకటి. అంతకన్నా తక్కువ తిరిగితే లేన్ ఖాళీగా కనిపిస్తుంది, బైకులు దూరతాయి.

సత్యనారాయణపురం_వాసి:
మా బీఆర్‌టీఎస్ (బస్సులు వేగంగా వెళ్లే విడి దారి) రోడ్డు చూడండి. పాత రైలు పట్టాలు తీసేసిన చోట బస్సుల కోసమే వేశారు, ఇప్పుడు పేరే మిగిలింది. జనం ఎక్కి దిగేది ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు మీద. స్థలం దొరికిన చోట లేన్ వేస్తే బస్సు రాదు.

పటమట_పౌరుడు:
అందుకేగా బందరు రోడ్డు అడుగుతున్నాను!

సిగ్నల్_పని:
రోడ్డు పొడవునా అక్కర్లేదు. బస్సు ఎక్కువగా ఆగిపోయేది కూడళ్ల దగ్గరే. సిగ్నల్ గీతకు ముందు 60-80 మీటర్లు బస్సులకు విడి లేన్ గీత గీసి, వాటికి 8 సెకన్లు ముందుగా పచ్చ ఇవ్వండి. ఆ లేన్ ఫ్రీ లెఫ్ట్‌కు (సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే దారికి) కుడివైపు ఉండాలి, లేకపోతే ఎడమకు తిరిగే బండ్లు బస్సుకు అడ్డం పడతాయి. స్టాపు కూడలి దాటాకే పెట్టాలి. ముందు పెడితే జనం ఎక్కేలోపు పచ్చ అయిపోతుంది, బస్సు మళ్లీ ఎర్రకు ఆగాలి. ఢిల్లీలో 2008లో తెరిచిన బస్సు కారిడార్‌లో స్టాపులు కూడళ్ల ముందే కట్టారు, బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయేవి. 2016లో దాన్ని తీసేశారు.

లెక్కల_మనిషి:
దీనికి ఒప్పుకుంటాను. మరి షేర్ ఆటోలు? స్టాపుకు 30 మీటర్ల అవతల వాటికి చోటు చూపించకుండా గీత గీస్తే అవి బస్సు ముందే ఆగుతాయి. బెంజి సర్కిల్ దగ్గర ఆ 30 మీటర్లు పార్కింగ్ తీసేస్తే తప్ప దొరకవు. ముందు అది తేల్చండి.