పత్తిల కంది సాళ్లు మూడేండ్లు ఆపాల్నా, విత్తనం మారిస్తే సాలునా?

పాటన్‌బోరి రైతు
అందరికి నమస్తే. మాది యవత్మాల్ జిల్లా పాటన్‌బోరి పక్కన. పెన్‌గంగ దాటితే ఆదిలాబాదే. మూడెకరాల నల్లరేగడి, ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది, పదేండ్ల సంది ఇదే లెక్క. విత్తనం మా ఇంటిదే, తాత కాలం నాటిది. పోయినేడు అక్కడొకటి ఇక్కడొకటి ఎండినయి. ఈ యేడు సరిగ్గ పూత మీద సగం చెట్లు నిలువున ఎండినయి. ఇక్కడోళ్లు 'మర్' అంటరు, మనం ఎండు తెగులు అంటం. మందుల దుకాణంల అడిగితే మొదట్ల పొయ్యమని మందు ఇచ్చిండు. పోసిన. ఒక్క చెట్టు తేరుకోలె.

నాయిన 'మూడేండ్లు కంది ముచ్చట తియ్యకు, జొన్న పెట్టు' అంటడు. తమ్ముడు 'విత్తనం మారిస్తే అయిపాయె' అంటడు. ఇంట్ల రోజు ఇదే పంచాది. మీరేమంటరు?

వణి పెద్దయ్య
మీ నాయిన మాట నిజం బిడ్డా. ఈ బూజు ఎక్కువ విత్తనంల కాదు, భూమిల కూసున్నది. ఎండిన కంది మోడుల, ఏర్లల మూడేండ్ల దాక బతికే ఉంటది. మనం కోతప్పుడు కొడవలితోటి జానెడు కొయ్య ఇడిసి కోస్తం. కట్టెలు ఇంటికొస్తయి, రోగం చేలనే ఉంటది. మల్ల దౌర, అదే కలుపు గుంటక, కొట్టినప్పుడు ఆ ఏర్ల ముక్కలు చేనంత తిరుగుతయి. సాలు జరిపి వేసిన అని సంబురపడితె లాభం లేదు.

నా చిన్నతనంల జొన్నల కంది కలిపి పెడుతుండె. మర్ రోగం లేదని అనను గని, ఇంత లేకుండె. పఠాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధన కేంద్రంల పరీక్ష పెట్టి చూసినా అదే తేలింది: ఒట్టి కంది కంటె జొన్నల కలిపిన కందికి ఎండుడు బాగ తక్కువ. పత్తి వచ్చినంక జొన్న పాయె, జొన్నతోటి ఆ కాపుదల పాయె.

కిన్వట్ కోడలు
పెద్దయ్యా, మీరు చెప్పేది శాస్త్రం ప్రకారం కరెక్టే. కని 2025-26ల కందికి మద్దతు ధర క్వింటాలుకు 8000, హైబ్రిడ్ జొన్నకు 3699. ఆ తేడా ఎవరు పెడ్తరు? పైంగ జొన్న పెడితే రాత్రంత అడివి పందులకు కావలి. మా దిక్కు ఆడోళ్లు కంది సాలును ఇంటి సాలు అంటరు. పత్తి పైసలు అప్పులకు పోతయి. ఏడాదికి పప్పు, పొయ్యిలకు కట్టె, బర్రెకు పొట్టు ఆ ఒక్క సాలు నుంచే. మూడేండ్లు ఆపుమంటె మూడేండ్లు పప్పు కొనుక్కోవాలె. ఆ లెక్క మగోళ్లు వెయ్యరు.

విత్తనం మార్చుండ్రి అన్నా. మేము బీఎస్ఎంఆర్ 736 రకం కంది పెడుతున్నం, నాలుగేండ్లయింది. ఎండు తెగులుకు, వాంఝ్ రోగానికి (వెర్రి తెగులు) రెండిటికీ తట్టుకుంటది.

రాజూరా అగ్రి డిప్లొమా
అన్నా, అందరం మందు చెప్పవట్టినం, రోగం ఏందో ఎవరం చూడలె. ఒక పని చెయ్యి. పొద్దుగాల చేలకు పోయి, సగం ఎండి సగం పచ్చగున్న చెట్టు పీకు. మొదలు కాడ బెరడు గీరి, కాండం నిలువుగ చీల్చు. లోపల నల్లటి గీతలుంటె ఎండు తెగులు, ఫ్యుజేరియం. ఆ బూజు నాళాలల్ల నిండి నీళ్లు పైకి పోనియ్యది. అందుకే నువ్వు పోసిన మందు పనికి రాలె, ఎండిన చెట్టును మందు లేపది.

లోపల తెల్లగ ఉండి, నేలకు జానెడు మీద కాండానికి గోధుమ రంగు మచ్చ పడి, అక్కడ గుంట పడి చెట్టు ఇరిగితే అది ఫైటోఫ్తోరా అనే వేరే రోగం. అది నీళ్లు నిలిచిన కాడ వస్తది. దానికి మూడేండ్లు కంది ఆపుడు కాదు, నీళ్లు తీసుడు ముఖ్యం.

పాటన్‌బోరి రైతు
తమ్మీ, నిన్న రాత్రి చదివి పొద్దుగాలనే పోయిన. ఇరవై చెట్లు పీకి చీల్చిన. మెరక దిక్కు పద్నాలుగు: పదమూడింటికి లోపల పెన్సిల్ తోటి గీసినట్టు నల్లటి గీత. ఒక చెట్టుకైతే ఒక పక్క ఆకు కాయ పచ్చగనె ఉన్నది, ఇంకో పక్క నిలువున ఎండింది. ఎండిన పక్కకే మొదలు నుంచి పైకి ఊదా రంగు పట్టీ. ఇన్నేండ్ల సంది కంది పెడుతున్న, ఆ పట్టీ ఎన్నడు చూడలె.

నాలా దిక్కు ఆరు చెట్లు వేరే తీరు. లోపల తెల్లగ ఉన్నది, బయట నువ్వు చెప్పిన మచ్చ. ఆగస్టుల అక్కడ వారం నీళ్లు నిలిచినయి.

రాజూరా అగ్రి డిప్లొమా
అట్లయితే నీ చేల రెండు రోగాలున్నయి, నువ్వు ఒక్కటే అనుకున్నవు. నాలా దిక్కు కాలువ తీసి, కందిని బోదె మీద పెట్టు. మెరక దిక్కు మీ నాయిన మాటనే మాట. కని మూడెకరాలకు మూడెకరాలు ఎందుకు? ఎండిన తునుకకే ఆపు.

వణి పెద్దయ్య
తునుక తునుక ఏమి? నాగలికి, దౌరకు తునుకలు తెలుస్తయా? వాన నీళ్లు కూడ ఆ మన్నును కిందికి తీస్కపోతయి. ఈ యేడు అర్ధెకరం అంటవు, వచ్చే యేడు ఎకరం అయితది.

కిన్వట్ కోడలు
పెద్దయ్యా, ఎండిన చెట్లను ఏర్లతోని పీకి కాలబెడితే? కోసుడు కాదు, పీకుడు. మేమదే చేస్తున్నం. కష్టమే, నల్లరేగడి ఎండినంక రాదు. తడి ఉన్నప్పుడే పీకాలె.

వణి పెద్దయ్య
పీకితె సగం గెలిచినట్టె. ఆ మాట ఒప్పుకుంట.

సిరొంచ గోదారి
నడుమల వస్తున్న, ఏమనుకోకుండ్రి. విత్తనం మార్చుడు గురించి ఒక ముచ్చట. మా చుట్టం ఒకాయన ఎండు తెగులుకు మంచిదని మారుతి రకం, అదే ఐసీపీ 8863, తెచ్చి పెట్టిండు. ఎండలె, నిజమే. కని వెర్రి తెగులు పట్టింది. ఆకులు చిన్నగయి పసుపు పచ్చ మచ్చలు పడ్డయి, చెట్టు పొదలెక్క గుబురుగ పెరిగింది, పూత లేదు కాత లేదు. మారుతికి ఒక్క ఎండు తెగులుకే తట్టుకునే బలం ఉన్నది, వెర్రి తెగులుకు అసలే లేదు. విత్తనం సంచి మీద 'తెగులు తట్టుకుంటది' అని ఉంటె ఏ తెగులో అడుగుండ్రి. ఆశ రకం, అదే ఐసీపీఎల్ 87119, రెండిటికీ ఆగుతది. కని పంట కాలం ఎక్కువ, తేలిక భూములల్ల చివర్ల తడి చాలది.

ఇంకోటి. పత్తి తీసినంక శనగ పెట్టొచ్చునా అని మావోళ్లు అడుగుతున్నరు.

రాజూరా అగ్రి డిప్లొమా
పెట్టొచ్చన్నా. శనగను ఎండబెట్టే ఫ్యుజేరియం వేరు, కందిది దానికి అంటదు. కని శనగపచ్చ పురుగుకు కంది, శనగ, పత్తి అన్నీ ఒక్కటే. కందిల మొగ్గలు, కాయలు తిని సీదా శనగకు వస్తది. లింగాకర్షక బుట్టలు పెట్టి కనిపెట్టుకోని ఉండాలె.

పాటన్‌బోరి అన్నకు: 2 కిలోల ట్రైకోడెర్మాను (రోగం బూజును అణిచే మేలు బూజు) 90 కిలోల మాగిన పెంట, 10 కిలోల వేపపిండిల కలిపి నీడకు వారం పది రోజులు తడిగ ఉంచి ఎకరానికి చల్లు. విత్తనానికి కిలోకు 10 గ్రాములు పట్టించు. అదే విత్తనానికి బూజును సంపే మందు కార్బెండజిమ్ కూడ పట్టిస్తే ట్రైకోడెర్మా సచ్చిపోతది, రెండు కలపకు.

కిన్వట్ కోడలు
వెర్రి తెగులు ముచ్చట వచ్చింది గద, ఒక మాట. గట్ల మీద, పెరట్ల రెండు మూడేండ్ల కంది చెట్లు ఇడుస్తం, పచ్చికాయ తెంపుకునేతందుకు. ఆ తెగులు మోసే నల్లి కంటికి కానరాదు, ఎండకాలమంత ఆ చెట్ల మీదనే బతికి కొత్త చేలకు గాలితోటి వస్తది. మేము రకం మార్చినంక కూడ అవి పీకేసినం. మా అత్తమ్మ పది దినాలు మాట్లాడలె.

పాటన్‌బోరి రైతు
అందరికి దండాలు. నాయినను, తమ్మున్ని కూసోబెట్టి ఇదంత చదివి వినిపిచ్చిన. మెరక ఎకరంనర ఎండిన చెట్లు తడి ఉన్నప్పుడే పీకుతం, మూడేండ్లు అక్కడ జొన్న, పత్తి. పందుల కావలి తమ్ముడు చూస్త అన్నడు. నాలా దిక్కు కాలువ తీసి, బోదెల మీద బీఎస్ఎంఆర్ 736 పెడుతం. ఇంటి విత్తనం రెండు కిలోలు కుండల ఉంచిన. అది పారెయ్య మనసొప్పలె. మంచిగున్న మెరక మూలకు ఒక సాలు వేసి చూస్త.

గట్టు మీద ఐదు పాత చెట్లున్నయి మాకు కూడ. అమ్మ పెట్టినవి. ఆమెకు ఎట్ల చెప్పాలనో ఇంక ఆలోచిస్తున్న.

వణి పెద్దయ్య
ఆమెనే తోలుకపో బిడ్డా చేలకు. ఆ చీల్చిన కాండం చూపెట్టు.

కిన్వట్ కోడలు
కాండం ఎండు తెగులుది పెద్దయ్యా. గట్టు చెట్లకు ఆకు చూపెట్టాలె. మచ్చలు లేకుంటే ఈ యేడు పచ్చికాయ తెంపుకోనియ్యుండ్రి, వానలు పడక ముందు పీకుండ్రి.