సిజేరియన్ అయి నాలుగు నెలలు, బొడ్డు దగ్గర మూడు వేళ్ల ఖాళీ: ఏ వ్యాయామంతో మొదలెట్టాలి?

ఎంవీపీ_బాలింత:
రెండో కాన్పు, సిజేరియన్. కుట్లు పూర్తిగా మానాయి, వ్యాయామానికి గైనిక్ సరే అన్నారు. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, తల ఎత్తి, పొట్ట మధ్యలో రెండు కండరాల నడుమ ఖాళీలో వేళ్లు అడ్డంగా పెట్టి చూస్తే బొడ్డు దగ్గర మూడు, పైన రెండు, కింద ఒకటి పడుతున్నాయి. పక్క మీంచి నేరుగా లేస్తే పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా పొడుచుకొస్తోంది.

ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు? అత్తయ్యగారు నడికట్టు ఇంకా బిగించమంటున్నారు, అది పనిచేస్తుందా? సింహాచలం మెట్ల మొక్కు ఉంది, ఎప్పుడు ఎక్కొచ్చు?

ఫిజియో_సీతమ్మధార:
వేళ్ల లెక్క ఒక్కటే చూడకండి. ఖాళీలో వేలు పెట్టి నొక్కినప్పుడు అడుగున గట్టిగా, సాగదీసిన గుడ్డలా తగులుతోందా, లేక వేలు మెత్తగా లోపలికి దిగిపోతోందా? రెండు కండరాలను కలిపే మధ్య పట్టీ (లీనియా ఆల్బా) కడుపుతో ఉన్నప్పుడు అందరికీ సాగుతుంది. కాన్పయిన మొదటి ఎనిమిది వారాల్లో చాలావరకు దానంతటదే దగ్గరపడుతుంది, ఆ తర్వాత ఆ వేగం ఉండదు. రెండు వేళ్ల ఖాళీ మిగిలినా పట్టీ బిగువుగా ఉంటే నడుం, పొట్ట బాగానే పనిచేస్తాయి.

వ్యాయామం మొదలెట్టిన తొలి రెండు వారాలు శ్వాస మీదే పని. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, చేతులు పక్కటెముకల మీద. ముక్కుతో గాలి పీలిస్తే పక్కటెముకలు రెండు వైపులా విచ్చుకోవాలి. నోటితో మెల్లగా వదులుతూ, మూత్రం ఆపుకున్నట్టు అడుగు కండరాలను (మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసేవి) పైకి లాగి, దాంతోపాటే పొత్తికడుపును నెమ్మదిగా లోపలికి తీసుకోండి. పూర్తి బలంలో మూడో వంతు చాలు. ఐదు సెకన్లు అలాగే ఉంచండి, ఊపిరి బిగబట్టకుండా. పదిసార్లు, రోజుకి రెండు పూటలు. తుంటి ఎముక ముందు మొన నుంచి రెండు సెంటీమీటర్లు లోపలికి వేళ్లు పెడితే కండరం మెల్లగా బిగుసుకోవడం తెలియాలి. వేళ్లను బయటికి తోసేస్తుంటే మీరు ముక్కుతున్నారు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ఊపిరి బిగబట్టి పొట్టను పక్కటెముకల కిందికి పీల్చేస్తారు. అప్పుడు ఒత్తిడంతా కిందికి, అడుగు కండరాల మీదకి పోతుంది.

ఇది కుదిరాక ఇదే బిగింపుతో, ఇదే వరుసలో: నడుం నేలకి ఆనించే పెల్విక్ టిల్ట్ 10, మడమను నేల మీద జార్చి కాలు చాపి వెనక్కి తెచ్చుకోవడం ఒక్కో కాలికి 8, మోకాలిని పక్కకి వాల్చి తేవడం 8, పిరుదులు ఎత్తే బ్రిడ్జ్ 10. రెండేసి విడతలు, వారానికి నాలుగైదు రోజులు. శ్రమ పడేటప్పుడల్లా ఊపిరి వదలాలి. పొట్ట మధ్యలో గట్టు లేచిందంటే అది మీకు ఇంకా బరువు, ఒక మెట్టు కిందికి దిగండి. సిట్-అప్స్, రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తడం, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిలపడం) ఇప్పుడు వద్దు.

జిమ్_కోచ్_గాజువాక:
పై మాటలన్నీ ఒప్పుకుంటాను గానీ, క్రంచెస్ జన్మలో చెయ్యకూడదన్న భయం మాత్రం పెట్టుకోకండి. అల్ట్రాసౌండ్‌లో చూస్తే తల, భుజాలు ఎత్తినప్పుడు ఆ క్షణానికి ఖాళీ తగ్గుతుంది. ఉత్త పొట్ట లోపలికి లాగినప్పుడు చాలామందికి కొంచెం పెరుగుతుంది కూడా. లాగడం వల్ల పట్టీ బిగువెక్కుతుంది, అదీ లాభం. అందుకే ముందు ఊపిరి వదిలి బిగించి, ఆ బిగింపు మీదే తల ఎత్తడం నేర్చుకోవాలి. గట్టు లేవకుండా పది తల ఎత్తులు వస్తే భుజాల దాకా పోవచ్చు. ఆ తర్వాత గోడ పుష్-అప్, ఒక్కో కాలిని దించి పాదం నేలకి తాకించడం, డెడ్ బగ్ (వెల్లకిలా పడుకుని ఎత్తిన చేతుల్లో, కాళ్లలో ఎదురెదురు చెయ్యి, కాలు కలిపి దించడం). బరువు పెంచకుండా ఆరు నెలలు శ్వాస దగ్గరే ఆగిపోతే కండరానికి బలం ఎక్కడ్నుంచి వస్తుంది?

నర్సమ్మ_పెందుర్తి:
నడికట్టు సంగతి నేను చెప్తానమ్మా. కాన్పయిన తొలి వారాల్లో నడుంకి ఆసరాగా బాగుంటుంది, సిజేరియన్ వాళ్లకి దగ్గు వచ్చినప్పుడు మరీను. ఖాళీని మాత్రం అది పూడ్చదు. గట్టిగా బిగిస్తే ఒత్తిడి కిందికి దిగి గర్భసంచి జారినట్టు బరువుగా ఉంటుంది, తుమ్మితే చుక్క పడుతుంది. తుంటి నుంచి పైకి చుట్టాలి, రెండు వేళ్లు దూరేంత వదులుండాలి, పడుకునేటప్పుడు తీసెయ్యాలి. మన విశాఖ ఉక్కకి కుట్టు మడతలో చెమట నిలిచి ఒరుస్తుంది, ఆ చోట పొడిగా తుడుచుకోండి. నాలుగో నెలలో ఇక దాని అవసరం పెద్దగా లేదు, అత్తగారికి మెల్లగా నచ్చజెప్పండి.

ఇంకోటి, పథ్యం పేరుతో నీళ్లు, కూరలు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది. రోజూ ముక్కితే పొద్దున్న చేసిన వ్యాయామమంతా వృథా. బిడ్డకి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోశాక ఒళ్లు మెలితిప్పి పక్కవాళ్లకి అందించకండి, వాళ్లనే ఎదురుగా వచ్చి అందుకోమనండి. పక్క మీంచి లేచేటప్పుడు ముందు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, మోచేతి మీద లేవాలి.

ఎంవీపీ_బాలింత:
అందరికీ థాంక్స్ అండీ. మడమ జార్చేటప్పుడు కాలు పూర్తిగా చాపితే నడుం నేల మీంచి లేచిపోతోంది. సగమే చాపనా?

ఫిజియో_సీతమ్మధార:
అవును, నడుం లేవబోయే చోటే ఆగి వెనక్కి తెచ్చుకోండి, రోజులు గడిచేకొద్దీ దూరం పెరుగుతుంది. మడమ కింద సాక్స్ ఉంటే టైల్స్ మీద తేలిగ్గా జారుతుంది.

బొడ్డు దగ్గర ఉబ్బు గట్టిపడి, నొక్కినా లోపలికి పోకుండా నొప్పిగా ఉంటే, దానికి వాంతులు తోడైతే అది హెర్నియా (కండరాల సందులోంచి పేగు పొడుచుకురావడం) ఇరుక్కోవడం కావచ్చు. వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి, సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఎనిమిది, పన్నెండు వారాలు సరిగ్గా చేసినా వేలు మెత్తగా దిగిపోతుంటే, తుమ్మితే మూత్రం పడుతుంటే, చూసి చెప్పే ఫిజియోని నేరుగా కలవండి.

మెట్ల సంగతి: ముందు బీచ్ రోడ్డు లాంటి సమతలం మీద అరగంట వేగంగా నడవండి. కింద బరువుగా గానీ, మర్నాడు నడుం నొప్పిగా గానీ లేకపోతే అపార్ట్‌మెంట్ మెట్లు నాలుగు అంతస్తులు ఎక్కి చూడండి. అదీ సాఫీగా ఉంటే సింహాచలం మెట్లు ఎక్కొచ్చు, కానీ బిడ్డని ఇంకొకరు ఎత్తుకోవాలి, దిగేటప్పుడు బస్సులో దిగిపోండి. మెట్లు దిగడమే మోకాళ్లకీ అడుగు కండరాలకీ ఎక్కువ దెబ్బ. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, ఆ ఊసు మాత్రం ఈ ఏడాది ఎత్తకండి.